రాని సభ్యుడి పేరు కొట్టేసే ముందు: బెంగళూరు షటిల్ క్లబ్బులో ఒక కేసు

ఆ క్లబ్బులో ఒక నియమం ఉండేది. ముందుగా చెప్పకుండా వరుసగా మూడు వారాలు ఆటకు రాని సభ్యుడి స్లాటు రద్దవుతుంది, అది వెయిటింగ్ లిస్టులో ఉన్న తర్వాతి మనిషికి వెళుతుంది. మారతహళ్ళి చుట్టుపక్కల పొద్దున ఐదున్నరకు షటిల్ కోర్టు దొరకడం ఎంత కష్టమో అక్కడ ఉంటున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అద్దె కట్టి ఖాళీగా వదిలేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే ఆ నియమాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. కానీ మనసు కుంగిపోతున్న మనిషి మొట్టమొదట చేసే పని రావడం మానేయడం. రావడం మానేసిన మనిషి పేరు మూడో వారంలో జాబితాలోంచి పోతే, ఆ తర్వాత అతను ఎలా ఉన్నాడని అడగవలసిన పని ఎవరికీ మిగలదు.

ఈ కేసులో ఆ పేరు పోవడానికి నాలుగు రోజుల ముందు క్లబ్బు కెప్టెన్ నాకు ఫోను చేశారు.

నేను బెంగళూరులో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. మందులు రాయడం డాక్టరు పని. కుటుంబంతో, ఉద్యోగంతో, చుట్టూ ఉన్న మనుషులతో రోగికి ఉన్న సంబంధాలను నిలబెట్టడం నా పని. ఈ వివరాలు రాయడానికి ఆ సభ్యుడూ, ఆయన భార్యా ఒప్పుకున్నారు. రాసింది చదివాకే సరేనన్నారు. వాళ్ళను గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, వయసు, సంస్థ వంటివి మార్చాను. ఇలాంటి క్లబ్బులు నడిపే మన తెలుగువాళ్ళు బెంగళూరులో చాలామంది ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందన్న ఆశతో కాస్త వివరంగానే రాస్తున్నాను.

క్లబ్బు

సభ్యులు 60 మంది దాకా ఉంటారు. ఎక్కువమంది ఐటీ ఉద్యోగులు. కొందరు బ్యాంకుల్లో చేసి రిటైరైనవారు, మందుల షాపు ఆయన ఒకరు, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు. నెల్లూరు నుంచి కరీంనగర్ దాకా అన్ని జిల్లాలవాళ్ళూ ఉన్నారు. రేకుల షెడ్డు కింద రెండు సింథటిక్ కోర్టులు నెలవారీ అద్దెకు తీసుకున్నారు. ముందు రోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో పోల్ పెడతారు, పేరు నొక్కినవాళ్ళు మర్నాడు వస్తారు. అన్నీ డబుల్స్ ఆటలే. ఆట అయ్యాక పక్క వీధిలోని దర్శిని అనే చిన్న హోటల్లో నిలబడి ఫిల్టర్ కాఫీ తాగుతారు. ఆ రోజు చివరి గేమ్ ఓడిన జత అందరి కాఫీ డబ్బులూ ఇవ్వాలి. సంక్రాంతికి టోర్నమెంటు, ఉగాదికి కోర్టు పక్కనే పచ్చడి.

ఆరోగ్యం మీద మాట్లాడటానికి ఒకసారి వాళ్ళు నన్ను పిలిచారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దవాళ్ళలో దాదాపు 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేల్చింది. చికిత్స అందనివాళ్ళ శాతం జబ్బును బట్టి 70 నుంచి 92 వరకూ ఉంది. ఆ లెక్కను ఈ 60 మందికి అన్వయిస్తే ఆరుగురు. వాళ్ళలో నలుగురైదుగురు ఏ డాక్టరు దగ్గరకూ వెళ్ళి ఉండరు. ఈ మాట చెప్పినప్పుడు ఎవరూ ప్రశ్నలు అడగలేదు. కెప్టెన్ మాత్రం బయటికి వచ్చాక నా నంబరు తీసుకున్నారు. ఆయన 60 దగ్గరి మనిషి, నెల్లూరువారు, బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. నంబరు తీసుకోవడం మామూలు మర్యాదే, కానీ ఈ కేసంతా ఆ నంబరు మీదే నడిచింది.

ఏం కనబడింది

సభ్యుడి వయసు 40 దాటింది. రాయలసీమ నుంచి వచ్చి 15 ఏళ్ళుగా బెంగళూరులో ఉంటున్నారు. భార్య, ఇద్దరు పిల్లలు, ఇంటి మీద లోను. క్లబ్బులో బాగా ఆడేవాళ్ళలో ఒకరు, గొంతు పెద్దది, స్కోరు ఆయనే అరిచి చెప్పేవారు.

కెప్టెన్ ఫోనులో చెప్పినవి ఇవి. రెండు నెలలుగా ఆయన స్కోరు చెప్పడం మానేశారు. బ్యాటుకు గట్టింగ్ (తీగల అల్లిక) తెగితే వేయించలేదు, వేరేవాళ్ళ బ్యాటుతో ఆడారు. ఆట అయ్యీ కాకముందే ‘ఆఫీసులో కాల్ ఉంది’ అని వెళ్ళిపోయేవారు, కాఫీకి ఆగేవారు కాదు. తర్వాత పోల్‌లో పేరు నొక్కి రాకపోవడం మొదలైంది. ఆ తర్వాత నొక్కడమే మానేశారు. చివరిసారి వచ్చిన రోజున తన కిట్ బ్యాగు, అందులోని రెండు బ్యాట్లతో సహా, క్లబ్బుకు కొత్తగా వచ్చిన ఒక కుర్రాడి చేతిలో పెట్టి “ఉంచుకో తమ్ముడూ, నాకు ఇక అవసరం ఉండదు” అన్నారు. ఆ కుర్రాడు సంబరపడి గ్రూపులో ఫోటో పెట్టాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

“నాకు ఆ ఫోటో చూసిన దగ్గరనుంచీ మనసులో ఏదోలా ఉందండి,” అన్నారు కెప్టెన్.

ఆ ఫోటో మంచి పని చేసింది. ఇష్టంగా దాచుకున్న వస్తువులను ఉన్నట్టుండి పంచిపెట్టడం, అందులోనూ మనిషి మెల్లగా ముడుచుకుపోతున్న సమయంలో పంచిపెట్టడం, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్ళలో కనబడే హెచ్చరికల్లో ఒకటి. ఒక్కో సంగతీ విడిగా తీసుకుంటే దేనికీ పెద్ద అర్థం లేదు. గట్టింగ్ ఎవరికైనా తెగుతుంది, ఆఫీసు కాల్ ఎవరికైనా ఉంటుంది. రోజూ పక్కన నిలబడి ఆడినవాళ్ళకు మాత్రమే అవన్నీ వరుసలో కనబడతాయి. నాలాంటివాళ్ళకు అలా ఎన్నటికీ కనబడవు. మా దగ్గరకు వచ్చేసరికి రోగి చెప్పేది ‘నిద్ర పట్టడం లేదు, గ్యాస్, తలనొప్పి’ అని. క్లబ్బు బలమంతా ఈ రోజువారీ చూపులోనే ఉందని నా నమ్మకం.

అడగడం

ఆ సాయంత్రమే ఆ సభ్యుడి ఇంటికి వెళ్ళమని కెప్టెన్‌తో అన్నాను. నలుగురూ కలిసి వెళ్ళవద్దని, ఒక్కరే వెళ్ళమని చెప్పాను. ఏం మాట్లాడాలో ఫోనులోనే అనుకున్నాం. ఆత్మహత్య గురించి నేరుగా అడగాలన్నప్పుడు కెప్టెన్ వెనకాడారు. “లేని ఆలోచన మనమే పుట్టించినట్టు అవుతుందేమో” అన్నారు. చాలామందికి ఉండే భయమే ఇది. అడగడం వల్ల ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే చాలామందికి ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది, ఒంటరిగా మోస్తున్నది ఒకరితో చెప్పుకోగలిగామని. అడిగేటప్పుడు నాన్చకూడదు. ‘పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అంటే ‘లేవు’ అనే జవాబే వస్తుంది, ఎందుకంటే ప్రశ్నలోనే ఆ జవాబు పెట్టి ఇచ్చాం.

వాళ్ళిద్దరూ అపార్ట్‌మెంటు కింద, పార్కింగ్ దగ్గరున్న సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. ఆ సంభాషణను కెప్టెన్ తర్వాత నాకు చెప్పారు, ఆ సభ్యుడూ అది నిజమేనన్నారు.

“నాయనా, నీ స్లాటు గురించి అడగడానికి రాలేదు. నువ్వెలా ఉన్నావో చూద్దామని వచ్చాను.”

“బాగానే ఉన్నాను సార్. ఆఫీసులో పని ఎక్కువైంది.”

“కిట్ ఇచ్చేశావు. కాఫీకి ఆగడం లేదు. రెండు నెలల నుంచి నీ గొంతు వినలేదు. ఏదో బరువు మోస్తున్నావు. చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కెప్టెన్ కూడా మాట్లాడలేదు. అదే ఆయన చేసిన గొప్ప పని. ఆ ఖాళీని ‘పిల్లల మొహం చూడు’, ‘ధైర్యంగా ఉండాలి’ లాంటి మాటలతో నింపలేదు.

“అనిపిస్తోంది సార్. ఈ మధ్య రోజూ.”

అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఉద్యోగం పోయి రెండు నెలలు దాటింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయల్దేరడం, సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట గడపడం. ఊళ్ళో తండ్రి ఇప్పటికీ ‘మా వాడు బెంగళూరులో మేనేజరు’ అని చెప్పుకుంటారు. కాఫీకి ఆగకపోవడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. ఓడితే ఎనిమిది మంది కాఫీ డబ్బులు ఇవ్వాలి. ఆ డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు. కానీ జీతం ఆగిన మనిషికి ప్రతి పొద్దునా ఓడిపోతానేమోనన్న భయంతో ఆట మొదలవుతుంది. క్లబ్బులో సరదాగా పెట్టుకున్న ఆ పద్ధతి ఆయనకు రోజువారీ పరీక్ష అయి కూర్చుంది.

కెప్టెన్ నాకు ఫోను కలిపి ఆయన చేతికిచ్చారు, నేను వచ్చేదాకా పక్కనే ఉన్నారు. ‘ఎవరికీ చెప్పనని మాటివ్వండి’ అని ఆయన అడిగితే కెప్టెన్ ఆ మాట ఇవ్వలేదు. “క్లబ్బులో ఒక్కరికీ తెలియదు. నీ ప్రాణానికి సంబంధించినంతవరకూ ఇంట్లో తెలియాలి, డాక్టరుకు తెలియాలి. నీతో చెప్పకుండా ఎవరికీ చెప్పను” అన్నారు. రహస్యం విషయంలో ఇంతకన్నా సరైన హద్దు నేనైనా గీయలేను.

మొదటి వారం

ప్రమాదం ఎంతవరకు ఉందో ముందు చూశాను. ఆలోచనలు రోజూ వస్తున్నాయి, కానీ ఎప్పుడు, ఎలా అన్న నిర్ణయం లేదు. గతంలో ప్రయత్నించింది లేదు. మద్యం అలవాటు లేదు. నిద్ర తెల్లవారుజామున మూడింటికే తేలిపోతోంది, ఆకలి లేదు, బరువు తగ్గారు. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికలో స్కోరు 17 వచ్చింది. మొత్తం 27కి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తేనే శ్రద్ధగా చూడాలి.

భార్యకు ఆయనే చెప్పారు, నేను పక్కన ఉండగా. ఆమె ఏమీ అనకుండా విని వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న: “ఇన్నాళ్ళూ మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేశారు?” ఆయన అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ ప్రశ్నకు బయటికొచ్చింది. ఆ రాత్రి నుంచి ఆయన ఒంటరిగా ఉండకుండా చూసుకోవడం, ఇంట్లో ప్రమాదకరమైనవి అందుబాటులో లేకుండా తీసేయడం ఆమె చేతికి వెళ్ళాయి.

కంపెనీ ఇచ్చిన గ్రూపు ఇన్సూరెన్సు ఉద్యోగంతోపాటే పోయింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంటోంది, కానీ పాలసీయే లేనప్పుడు ఆ హక్కు దేనికీ పనికిరాదు. అందుకని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాం. ఈ విషయంలో బెంగళూరు తెలుగువాళ్ళు అదృష్టవంతులు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి రోగులు నిమ్హాన్స్‌కు రావడం ఎప్పటినుంచో ఉన్నదే, కాబట్టి ఓపీలో తెలుగు కొత్త భాష కాదు. డాక్టరు థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా రాశారు. బీ12 తక్కువగా ఉంది. అది ఒక్కటే కారణం కాదు, కానీ నీరసాన్ని పెంచుతుంది కాబట్టి దానికీ మందిచ్చారు. డిప్రెషన్‌కు ఎసిటలోప్రామ్ చిన్న మోతాదులో మొదలైంది. ఈ తరహా మందులు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, కడుపులో తిప్పడం ముందుగా వస్తాయి, మేలు తర్వాత వస్తుంది. ఇది ముందే చెప్పకపోతే చాలామంది మొదటి వారంలోనే మానేస్తారు.

కెప్టెన్‌కు ఇంకో భయం ఉండేది: ఇలాంటి విషయం బయటపడితే పోలీసు కేసు అవుతుందా అని. ఆలోచనలు ఉన్నాయని చెప్పడం ఏనాడూ నేరం కాదు. ప్రయత్నం చేసిన మనిషి విషయంలో కూడా, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని ఇదే చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క విషయం తెలియక ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి భయపడి ఆలస్యం చేసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

మూడో మెట్టు

ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్ళతో కలిసి మేము ఒక రక్షణ ప్రణాళిక రాస్తాం. స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ నిపుణులు రూపొందించిన పద్ధతి ఇది. ఇందులో ఆరు మెట్లున్నాయి. ఆలోచన ముంచుకొస్తోందని చెప్పే గుర్తులు మొదటిది. ఒంటరిగా చేసుకోగలిగినవి రెండోది. మనసు మళ్ళించే మనుషులు, చోట్లు మూడోది. మనసు విప్పి సాయం అడగగలిగిన దగ్గరివాళ్ళు నాలుగోది. వైద్యులు, సహాయ నంబర్లు ఐదోది. పరిసరాలను ప్రమాదం లేకుండా చేసుకోవడం ఆరోది.

క్లబ్బులతో పనిచేసేవాళ్ళంతా ఈ మూడో మెట్టు మీద కాసేపు ఆగాలి. అక్కడ ఆ మనిషి తన బాధ గురించి ఒక్క మాటైనా మాట్లాడనక్కర్లేదు. నలుగురిలో ఉంటే చాలు, చెమట పట్టేలా ఒక గేమ్ ఆడితే చాలు. అడిగేవాళ్ళు, ఓదార్చేవాళ్ళు లేకపోవడమే అక్కడి సుఖం. షటిల్ కోర్టు పుట్టుకతోనే మూడో మెట్టు. మంచి మనసున్న క్లబ్బులు చాలావరకు దాన్ని నాలుగో మెట్టుగా మార్చబోతాయి, ప్రతి సభ్యుడూ సలహాదారు అవుతాడు, కోర్టు కౌన్సెలింగ్ గది అవుతుంది. అప్పుడు కుంగిన మనిషికి వెళ్ళడానికి ఒక మామూలు చోటు కూడా మిగలదు. ఈ కేసులో నాలుగో మెట్టు మీద ఇద్దరే ఉన్నారు: భార్య, కెప్టెన్. మిగతా క్లబ్బంతా మూడో మెట్టుగానే ఉండాలని గట్టిగా పట్టుబట్టాను.

తిరిగి రావడాన్ని అంచెలుగా పెట్టుకున్నాం. ‘రా, వచ్చి ఆడు, అన్నీ సర్దుకుంటాయి’ అనడం తేలిక. వ్యాయామం డిప్రెషన్‌ను తగ్గిస్తుందన్నదీ నిజమే, పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. కానీ పళ్ళు తోముకోవడానికే మనసొప్పని మనిషిని నేరుగా డబుల్స్‌లోకి దింపితే, నెట్ దగ్గర తప్పిన ప్రతి షాటూ ‘నేను ఎందుకూ పనికిరాను’ అనే నమ్మకానికి మరో సాక్ష్యం అవుతుంది. కాబట్టి ముందు కాఫీకి మాత్రమే. ఆట అయ్యే వేళకు దర్శిని దగ్గరకు నడిచి రావడం, పది నిమిషాలు నిలబడి వెళ్ళిపోవడం. తర్వాత కోర్టు పక్కన కూర్చుని స్కోరు చెప్పడం. ఆ తర్వాత ఒక్క గేమ్, అదీ తక్కువమంది వచ్చే రోజున, పాయింట్లు లెక్కపెట్టని రాలీలు.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. స్కోరు చెప్పడానికి వచ్చిన మొదటి రోజుల్లోనే, ఏమీ తెలియని ఒక సభ్యుడు అందరిముందూ ఆప్యాయంగా పలకరించాడు: “ఏమైపోయారన్నా, కనబడటమే లేదు! కొత్త కంపెనీయా?” ఆయన నవ్వి ఊరుకుని ఇంటికి వెళ్ళిపోయారు, వారం పాటు రాలేదు. పలకరించిన మనిషిది తప్పు కాదు. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా లేదు, అంతే. కూర్చుని ఒక వాక్యం తయారుచేసుకున్నాం: “ఒంట్లో కొంచెం బాగాలేదు, ఇప్పుడు తగ్గుతోంది, నిదానంగా మొదలుపెట్టాను.” ఇందులో అబద్ధం లేదు, మరో ప్రశ్నకు తావూ లేదు. దాన్ని గట్టిగా పైకి అనిపించి చూశాను. ఇది చిన్న పనిలా కనబడుతుంది, కానీ ఆ వాక్యం నోటికి వచ్చాక ఆయన మళ్ళీ కోర్టుకు రాగలిగారు.

బాగుపడటం ఈ వరుసలో జరిగింది: ముందు నిద్ర, తర్వాత ఆకలి, చాలా ఆలస్యంగా ఆట మీద ఇష్టం. పీహెచ్‌క్యూ-9 స్కోరు 17 నుంచి రెండో నెలలో 11కి, నాలుగో నెల దాటాక 5కి వచ్చింది. ఉద్యోగం ఆ తర్వాతే దొరికింది, పాత జీతం కన్నా తక్కువకు, కాంట్రాక్టు మీద. ఈ వరుసను ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ‘ఉద్యోగం వస్తే అదే పోతుంది’ అని ఇంట్లోవాళ్ళు చికిత్సను వాయిదా వేస్తుంటారు. జబ్బు తగ్గాకే ఆయన ఇంటర్వ్యూల్లో కూర్చోగలిగారు. మందులు ఇంకా వాడుతున్నారు. లక్షణాలు తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలని డాక్టరు చెప్పారు, సొంతంగా ఆపకూడదని కూడా.

క్లబ్బులో మారినవి

ఈ మార్పులను ఆయన కథ చెప్పకుండానే చేశారు. ‘చాలా క్లబ్బులు ఇలా చేస్తున్నాయి’ అని కూడా చెప్పలేదు. కెప్టెన్ సమావేశంలో పెట్టిన మాట ఒక్కటే: మనం ఎవరి పేరైనా కొట్టేసే ముందు ఒక ఫోను చేద్దాం.

మూడు వారాల నియమం ఉంది, కానీ దాని చివర పేరు తీసేయడానికి బదులు ఫోను వచ్చింది. చేసే మనుషులు ఇద్దరు, ఒక పురుషుడు, ఒక స్త్రీ. వాళ్ళను కమిటీ ఎంపిక చేయలేదు, ‘మీకు ఏదైనా కష్టం వస్తే మొదట ఎవరికి చెబుతారు?’ అని సభ్యులను చీటీ మీద రాయమన్నాం. వచ్చిన పేర్లు కమిటీలోవాళ్ళవి కావు. స్లాటును మూడు నెలలపాటు ఆపి ఉంచే వీలు పెట్టారు, కారణం అడగరు, ఆ నెలల ఫీజు ఉండదు. ఆ స్లాటులో వెయిటింగ్ లిస్టు మనిషి తాత్కాలికంగా ఆడతాడు, అసలు సభ్యుడు తిరిగొస్తే ఇస్తానని ముందే ఒప్పుకుని. ఫీజు మాఫీ కోశాధికారికి ఒక్కరికే తెలుస్తుంది, ఖాతాలో పేరు ఉండదు.

కాఫీ పందెం పోయింది. దాని మీదే పెద్ద చర్చ జరిగింది, అదే క్లబ్బు సరదా అన్నవాళ్ళున్నారు. చివరికి నెల ఫీజులోనే కాఫీ కలిపేశారు. నన్నడిగితే మొత్తం మార్పుల్లో ఎక్కువ మేలు చేసింది ఇదే. డబ్బులేమి మనుషులను ఎంత నిశ్శబ్దంగా దూరం చేస్తుందో క్లబ్బులు గమనించవు, పెద్ద ఫీజులను గమనిస్తాయి గానీ రోజువారీ చిల్లర ఖర్చులను చూడవు.

ఫోను చేసే ఇద్దరికీ నేను నేర్పింది తక్కువే. ఏం గమనించామో చెప్పడం, ఎలా ఉన్నారని అడగడం, అవసరమైతే చావు గురించి నేరుగా అడగడం, జవాబు ‘అవును’ అయితే ఒంటరిగా వదలకుండా తర్వాతి మనిషికి అప్పగించడం. ఆ తర్వాతి మనిషి ఎవరన్నది కాగితం మీద ఉంది. ప్రాణాపాయం అప్పటికప్పుడే ఉంటే 112 లేదా దగ్గరి ఆసుపత్రి క్యాజువాల్టీ. కాకపోతే టెలీ మానస్, 14416. ఇది 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, భాష ఎంచుకోవచ్చు, అందులో తెలుగు ఉంది. దీనికి నిమ్హాన్స్ కేంద్ర బాధ్యత వహిస్తోంది. కన్నడ నాడులో ఉండి కన్నడం సరిగ్గా రానివాళ్ళకు, ఇంగ్లీషులో ఉద్యోగం చేయగలిగినా ఏడుపు తెలుగులోనే వచ్చేవాళ్ళకు ఇది చాలా విలువైన సదుపాయం.

ఇద్దరు సభ్యులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ‘ఆడుకోవడానికి వచ్చాం, ఇవన్నీ మన నెత్తిన ఎందుకు? రేపు ఏదైనా జరిగితే మనల్ని అడగరా?’ అన్నారు. వాళ్ళ మాట కొట్టిపారేయదగ్గది కాదు. బాధ్యత ఎక్కడ ఆగుతుందో చెప్పకుండా సభ్యుల మీద మంచితనం మోపితే రెండు నెలల్లో అందరూ అలసిపోతారు. అందుకే హద్దు రాసిపెట్టాం: క్లబ్బు చికిత్స చేయదు, మందుల మీద సలహా ఇవ్వదు, ఎవరి జబ్బు పేరూ రాసుకోదు, గ్రూపులో ఎవరి గురించీ చర్చించదు. గమనిస్తుంది, అడుగుతుంది, అప్పగిస్తుంది, చోటు ఉంచుతుంది. ఆ కాగితం చూశాక అభ్యంతరం చెప్పినవాళ్ళలో ఒకరు సంతకం పెట్టారు. ఇంకొకరు పెట్టలేదు, క్లబ్బులోనే ఉన్నారు, అదీ మంచిదే.

పక్కన పెట్టినవి కూడా ఉన్నాయి. స్ఫూర్తి ప్రసంగాలు ఇచ్చేవారిని పిలుద్దామని ఒకరు, ఆటకు ముందు ధ్యానం పెడదామని మరొకరు అన్నారు. గోడకు పోస్టర్లు అంటిద్దామన్న మాటా వచ్చింది. ధ్యానం ఇష్టమున్నవాళ్ళు చేసుకోవచ్చు. కానీ ఇవి చేసి ‘మన క్లబ్బు మానసిక ఆరోగ్యం పట్టించుకుంటోంది’ అని తృప్తిపడిపోయే ప్రమాదం ఎక్కువ. ఒక్క ఉదాహరణ మాత్రం నిజంగా పనిచేసింది. కర్ణాటక క్రికెటర్ రాబిన్ ఊతప్ప తన డిప్రెషన్ గురించి, ఆత్మహత్య ఆలోచనల గురించి 2020లో బహిరంగంగా మాట్లాడారు. ఆ వార్తను క్లబ్బులో ఎవరో గుర్తుచేసినప్పుడు, ‘అంత ఆడినవాడికే వచ్చిందంటే’ అన్న మాట నాలుగు నోళ్ళ నుంచి వినబడింది. ఆట వచ్చినవాళ్ళకు ఆటగాడి మాట తగిలినట్టు మా మాట తగలదు.

మిగిలినవి

స్త్రీల విషయంలో పని సగమే అయింది. పొద్దున ఐదున్నరకు ఆడటానికి వచ్చే స్త్రీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. ఆ సమయంలో ఇంట్లో టిఫిను, పిల్లల స్కూలు బస్సు, అత్తగారి కాఫీ ఉంటాయి. పెళ్ళయి ఇక్కడికి వచ్చి, ఉద్యోగం వదిలి, అపార్ట్‌మెంటులో తెలిసిన మొహం లేక కుంగిపోయే స్త్రీలను నేను ఆసుపత్రిలో తరచూ చూస్తుంటాను. వాళ్ళెవరూ ఈ క్లబ్బు జాబితాలో లేరు, కాబట్టి రాకపోయినా తెలియదు. కోర్టు ఖాళీగా ఉండే పదిన్నర వేళకు స్త్రీల బ్యాచ్ మొదలుపెట్టారు. ఆ వేళకు అద్దె తక్కువ, అదీ కలిసొచ్చింది. ఫోను చేసే ఇద్దరిలో ఒకరైన ఆమె దాన్ని నడుపుతున్నారు. చిన్నపిల్లలున్నవాళ్ళు వాళ్ళను వెంట తెచ్చుకునేలా కోర్టు మూలన చాప పరిచారు.

పిల్లల కోచింగ్ బ్యాచ్ ఇంకా పెద్ద పని. బరువు గురించి, ఓటమి గురించి కోచ్‌లు అందరిముందూ అనే మాటలు 13, 14 ఏళ్ళ పిల్లల మీద ఎంత పనిచేస్తాయో తల్లిదండ్రులకు కూడా తెలియడం లేదు, కొందరు తల్లిదండ్రులే గ్యాలరీలోంచి అవే మాటలు అంటారు. పెద్దలకు రాసిన కాగితం పిల్లలకు సరిపోదు. ఉదాహరణకు, పిల్లల మీద లైంగిక వేధింపు జరిగినట్టు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, అక్కడ ‘నీతో చెప్పకుండా ఎవరికీ చెప్పను’ అన్న మాట ఇవ్వకూడదు. పిల్లల సహాయ నంబరు 1098ని కోర్టు గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించారు. కోచ్‌లతో, తల్లిదండ్రులతో విడివిడిగా సమావేశాలు పెట్టాలని కమిటీ నిర్ణయించింది. మొదటిది కోచ్‌లతో. ఈ కేసులోని సభ్యుడు, తన కథ చెప్పకుండానే, పిల్లల బ్యాచ్‌లో స్కోరు పట్టికలు చూసుకునే పని అడిగి తీసుకున్నారు.